కువైట్‌లో అమ్మ, కోనసీమలో కొడుకు, మధ్యలో మాస్టారి వాయిస్ మెసేజ్

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరండి. నేను రెండేళ్లుగా కువైట్‌లో ఇంటిపని చేస్తున్నాను. ఆయన భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటారు, ఆదివారాలు ఇంటికి వస్తారు. మా అబ్బాయికి పన్నెండేళ్లు. జెడ్పీ హైస్కూల్లో ఏడో తరగతి. మా అమ్మ దగ్గర ఉంటాడు. మొన్న వేసవిలో నెల రోజులు సెలవు మీద వచ్చి జూన్‌లో తిరిగి వచ్చేశాను. జూలై నుంచి మొదలైంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర తోపులాట, క్లాసులో అడ్డమాటలు, గంట కొట్టినా లోపలికి రాకపోవడం. క్లాస్ మాస్టారు వారానికి రెండు మూడుసార్లు వాట్సాప్‌లో వాయిస్ పెడుతున్నారు. అది వినగానే మా తమ్ముడికి ఫోన్ చేసి నాలుగు తగిలించమంటున్నాను. మా అమ్మ అడ్డం పడుతుంది. ఇప్పుడు వాడు నాతో కూడా సరిగా మాట్లాడటం లేదు. శుక్రవారం తప్ప నాకు తీరిక దొరకదు. హాస్టల్లో వేసేద్దామా?

సమాధానం: హాస్టల్ మాట ఈ ఏడాదికి పక్కన పెట్టండమ్మా. అమ్మ దూరంగా ఉన్న పిల్లాణ్ణి అమ్మమ్మ దగ్గర్నుంచి కూడా తీసేస్తే, అల్లరి చేశానని నన్ను పంపించేశారు అనే వాడికి అర్థమవుతుంది. వచ్చే జూన్‌లో చదువు కోసం ఆలోచించుకోవచ్చు గానీ, శిక్షగా మాత్రం వద్దు.

మీ ఉత్తరంలో ఒక సంగతి చూడండి. బడి నుంచి మీకు వచ్చే కబురు అంతా చెడ్డ కబురే. అది కువైట్ వెళ్లి, అక్కడి నుంచి మీ తమ్ముడి ఫోన్‌కి వచ్చి, రాత్రి ఏడింటికి పిల్లాడి వీపు మీద దిగుతోంది. తోపులాట జరిగింది మధ్యాహ్నం. దెబ్బ పడింది ఆరేడు గంటల తర్వాత. పన్నెండేళ్ల పిల్లాడు ఆ దెబ్బని తోపులాటకి ముడిపెట్టుకోడు, మాస్టారి ఫోన్‌కి ముడిపెట్టుకుంటాడు. దాంతో నేర్చుకునేది తోయకుండా ఉండటం కాదు, కబురు ఇంటికి చేరకుండా చూసుకోవడం. మీతో మాట్లాడకపోవడం కూడా అందులో భాగమే. మీ ఫోన్ మోగిందంటే తన మీద పంచాయితీ మొదలైందని వాడికి తెలుసు.

కాబట్టి మొదటి పని, ఈ రోజే చేయగలిగింది: మీ తమ్ముడికి ఫోన్ చేసి, బడి విషయంలో ఇక చెయ్యి చేసుకోవద్దని చెప్పండి. ఇది జాలికొద్దీ చెబుతున్న మాట కాదు. కింద చెప్పబోయే పద్ధతి బడిలో టీచర్లు రోజూ టిక్కులు పెట్టి పంపే ఒక చీటీ. దెబ్బ భయం ఉన్న ఇంట్లో అది ఒక్క వారం కూడా నడవదు. చీటీ చింపేస్తాడు, లేదా తనే టిక్కులు పెట్టుకుంటాడు.

రెండో పని మాస్టారితో మాట. 2024 డిసెంబరు 7న మొదలుపెట్టిన మెగా పేరెంట్ టీచర్ మీటింగుల్లాంటి రోజున ఇది తేలదు. ఆ రోజు బడి నిండా జనం ఉంటారు, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు దొరికితే గొప్ప. మామూలు రోజున, ఆఖరి గంట కొట్టాక, మీ అమ్మగారూ తమ్ముడూ కలిసి వెళ్లాలి. పొద్దున్న ప్రేయర్ వేళకి వెళ్తే మాస్టారు నిలబడే మాట్లాడతారు, పిల్లలందరూ చూస్తుంటారు. ముందు రోజు మీరే ఒక వాయిస్ పెట్టండి. ఇలాగ ఉంటే చాలు: "మాస్టారండీ, మావాడి వల్ల మీకు ఇబ్బందిగా ఉందని తెలుసండి. మీరు విసుగు లేకుండా చెబుతున్నందుకు సంతోషం. ఇంట్లో కొట్టడం ఆపేశామండి, వేరే పద్ధతి చూద్దామనుకుంటున్నాం. దానికి మీ దగ్గర రోజుకి రెండు మూడు నిమిషాల సాయం కావాలండి. రేపు సాయంత్రం మా అమ్మ, తమ్ముడు వచ్చి కలుస్తారు." ఫిర్యాదు ధ్వని ఎక్కడా రాకూడదు. ఆయన చేతిలో నలభై మంది ఉండవచ్చు, పైగా యాప్‌లలో ఎక్కించాల్సినవి వేరే. సాయం అడిగితే చేస్తారు, నిలదీస్తే రిజిస్టరు చూపిస్తారు.

అక్కడ అడగాల్సిన ప్రశ్న "ఎందుకిలా చేస్తున్నాడండీ?" కాదు. దానికి ఎవరి దగ్గరా జవాబుండదు. ఏ పూట, ఏ పీరియడ్‌లో, పక్కన ఎవరు కూర్చున్నప్పుడు, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని అడగాలి. అన్నిటికన్నా ఆ చివరిది ముఖ్యం. అడ్డమాట అన్నాక క్లాసంతా నవ్వితే, ఆ నవ్వే వాడికి జీతం. మాస్టారు తిట్టినా సరే, నలభై మంది చూపు తన మీద పడింది కదా. బయటికి పంపించేస్తే, పాఠం తప్పించుకోవాలనుకున్నవాడికి అది సెలవే. గట్టిగా చదవమన్న పీరియడ్‌లోనే అల్లరి మొదలవుతోందంటే, చదవడం రాక దాన్ని దాచుకుంటున్నాడేమో చూడాలి. ఇది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మూడో తరగతి తెలుగు వాచకం ఒకటి తెచ్చి, ఎప్పుడూ చూడని పాఠంలోంచి ఒక పేరా చదివించండి. కూడబలుక్కుంటూ, మాట మాటకీ ఆగుతుంటే సమస్య అక్కడుంది. అప్పుడు రోజూ పావుగంట తేలిక పుస్తకం చదివించకుండా మిగతావి ఎన్ని చేసినా అరకొరే.

అలాగే కళ్లు, చెవులు. బోర్డు మీద ఉన్నది నోటుబుక్కులోకి తప్పులతో దిగుతోందా, వెనక నుంచి పిలిస్తే పలుకుతున్నాడా చూడండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందం బడికి వచ్చినప్పుడు ఈ పిల్లాణ్ణి తప్పకుండా చూపించమని హెడ్‌మాస్టారిని అడగవచ్చు. అంతదాకా ఆగలేకపోతే అమలాపురం ఏరియా ఆసుపత్రిలో చూపించండి. నిద్ర సంగతీ అంతే. ఈ వయసు పిల్లాడికి తొమ్మిది గంటలకి తగ్గకుండా నిద్ర కావాలి. మావయ్య ఫోన్‌లో రాత్రి పదకొండింటి దాకా ఫ్రీ ఫైర్ మాక్స్ ఆడినవాడు మధ్యాహ్నం అన్నం తిన్నాక క్లాసులో కుదురుగా ఉండలేడు. తొమ్మిదింటికల్లా ఫోన్ అమ్మమ్మ మంచం పక్కన ఛార్జింగ్‌కి వెళ్లిపోవాలి. ఇది శిక్షలా కాకుండా ఇంటి పద్ధతిలా ఉండాలి, కాబట్టి తమ్ముడి ఫోన్ కూడా అక్కడే పెట్టాలి.

ఇప్పుడు అసలు పని: రోజు చీటీ. తెల్ల కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక్కో రోజుకి సరిపోతుంది. దాని మీద ఇంతే రాయాలి:

పొద్దున్న: పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. మాట్లాడాలంటే చెయ్యెత్తాడు. బోర్డు మీదది రాసుకున్నాడు.
భోజనం: లైనులో వంతు వచ్చేదాకా ఆగాడు. గంట కొట్టగానే క్లాసులోకి వచ్చాడు.
మధ్యాహ్నం: పొద్దున్నవే మూడూ.

మొత్తం 8 గళ్లు. చేసినదానికి టిక్కు, చెయ్యనిదానికి ఖాళీ. ఇంటూ గుర్తులు వద్దు, ఎర్ర ఇంకు వద్దు, వెనక ఫిర్యాదు రాయడం అసలే వద్దు. పెద్ద గొడవ జరిగితే మాస్టారు విడిగా ఫోన్ చేస్తారు. చీటీలోకి చెడ్డ కబురు చొరబడిందంటే అది మళ్లీ ఆ పాత వాయిస్ మెసేజే అయిపోతుంది.

"బుద్ధిగా ఉన్నాడు", "అల్లరి చెయ్యలేదు" లాంటివి రాయకండి. బుద్ధి అంటే లెక్కల మాస్టారికి ఒకటి, హిందీ మేడంకి ఇంకొకటి. పిల్లాడికి దాని అర్థమే తెలియదు. పుస్తకం బల్ల మీద ఉందా లేదా అన్నది ఎవరు చూసినా ఒకటే.

ఎవరు టిక్కు పెట్టాలి? భోజనానికి ముందు పీరియడ్ తీసుకున్నవారు పొద్దున్న మూడూ, భోజనాల దగ్గర డ్యూటీలో ఉన్నవారు రెండూ, ఆఖరి పీరియడ్ వారు మిగతా మూడూ. ఒక్కొక్కరికి అర నిమిషం. పిల్లాడే చీటీ పట్టుకెళ్లి ఇవ్వాలి. టీచర్లు అడిగి తీసుకోనక్కర్లేదు. వారానికి ఆరు చీటీలు క్లాస్ మాస్టారి దగ్గర ఉంచి, రోజూ పొద్దున్న ఆయన చేతుల మీదుగా ఒకటి ఇప్పించగలిగితే చాలా మంచిది. ఆ పది సెకన్లలో "ఏరా, నిన్న అయిదు వచ్చాయిగా" అన్న ఒక్క మాట పడుతుంది చూడండి, ఆ రోజు క్లాసులో వాడు కూర్చునే తీరే వేరుగా ఉంటుంది.

మొదటి వారం పిల్లాడికి చెప్పకుండా మాస్టారు తన డైరీలో లెక్క పెట్టుకోవాలి. ఇప్పుడు మామూలుగా రోజుకి ఎన్ని వస్తున్నాయో తెలియాలి కదా. మూడు వస్తున్నాయనుకుందాం. రెండో వారం లక్ష్యం నాలుగు. ఎనిమిదికి ఎనిమిది అడగకండి. చాలా ఇళ్లలో ఈ పద్ధతి చెడిపోయేది ఇక్కడే. మొదటి మూడు రోజులూ ఓడిపోయినవాడు నాలుగో రోజు ఆటే మానేస్తాడు. వరసగా రెండు వారాలు నిలబడితే అయిదు, తర్వాత ఆరు. ఆరు దగ్గర ఆగిపోవచ్చు. క్లాసులో బుద్ధిమంతుడనిపించుకున్న పిల్లాడికి కూడా రోజూ ఎనిమిది రావు.

మీకు శుక్రవారం సెలవు కాబట్టి వారాన్ని శనివారం నుంచి శుక్రవారం దాకా లెక్కేయండి. శుక్రవారం సాయంత్రం 5.30కి పిల్లాడు ఇంట్లో ఉంటాడు, మీకప్పుడు మధ్యాహ్నం 3 గంటలు. ఆరు చీటీలూ ముందేసుకుని వీడియో కాల్‌లో వాడే మీకు లెక్క చెప్పాలి. మిగతా రోజుల్లో మీ తమ్ముడు చీటీ ఫొటో తీసి మీకు పెడితే చాలు, రాత్రి మీ పని ముగిశాక చూసుకుని ఒక వాయిస్ పెట్టండి. "భోజనాల లైనులో ఆగావంట కదరా, అమ్మమ్మ చెప్పింది" అని ఏ గడికి టిక్కు పడిందో ఆ పని పేరు పెట్టి చెప్పండి. ఉత్త "వెరీ గుడ్" గాలికి పోతుంది. ఖాళీ గళ్ల గురించి మీరు ఎత్తకండి. వాడే ఎత్తితే వినండి, అంతే. "నీ కోసమే ఇక్కడ ఇంత కష్టపడుతున్నాను" అన్న మాట నిజమే గానీ ఈ కాల్‌లో వద్దు. అది వినీ వినీ పిల్లలు ఫోన్ ఎత్తడం మానేస్తారు.

బహుమతులు చిన్నవిగా, వెంటనే దొరికేవిగా ఉండాలి. రోజు లక్ష్యం అందుకుంటే ఆ సాయంత్రం క్రికెట్ అరగంట ఎక్కువ, లేదా తొమ్మిదింటి లోపల ఇరవై నిమిషాలు ఫోన్. ఆరు రోజుల్లో నాలుగు రోజులు అందుకుంటే ఆదివారం కూర ఏం వండాలో వాడి ఇష్టం, లేదా నాన్నతో బండి మీద అమలాపురం. నాన్నగారు వచ్చేదే ఆదివారం కాబట్టి ఆ పని ఆయనకే వదిలేయండి. ఆయన చెవిన వారం మొత్తం ఫిర్యాదులు వేసి సగం సెలవు పాడుచెయ్యకండి. గల్ఫ్ నుంచి పంపే కొత్త ఫోన్, ఫస్టు వస్తే సైకిల్ లాంటి వాగ్దానాలు మనవైపు మామూలే గానీ, ఆరు నెలల తర్వాత వచ్చే సైకిల్ ఈ రోజు మధ్యాహ్నం 12.40కి లైనులో తోసే చేతిని ఆపదు. డబ్బు కూడా వద్దు. పది రూపాయలతో మొదలై నెలకల్లా బేరానికి దిగుతాడు.

అమ్మమ్మగారితో ఒక చిక్కుంది. నాలుగు రాకపోయినా "పోనీలే, పిల్లాడు చిక్కిపోయాడు" అని ఆవిడ కోడికూర వండేస్తే చీటీకి విలువ పోయినట్టే. ఆవిణ్ణి తప్పు పట్టి లాభం లేదు, ఆవిడకి ఒక పని అప్పగించండి. చీటీలు దాచే డబ్బా ఆవిడ దగ్గర ఉండాలి, టిక్కులు ఆవిడే లెక్కపెట్టాలి. ముద్దు చెయ్యడానికి అడ్డేమీ లేదు. పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టడం, తల నిమరడం చీటీతో సంబంధం లేకుండా రోజూ జరగాలి. చీటీకి కట్టినవి ఆ రెండు మూడు అదనపు సరదాలే.

చీటీ పోయిందంటాడు. పోతే ఆ రోజుకి సున్నా, తిట్టు లేదు, వెతుకులాట లేదు, రేపు కొత్త చీటీ. దొంగ టిక్కు పెట్టుకుంటే కూడా అంతే, కాకపోతే మాస్టారు ఇక నుంచి టిక్కు పక్కన పొట్టి సంతకం పెడతారు. మాస్టారే మర్చిపోయిన రోజుంటే ఆ పూటని లెక్కలోంచి తీసేయండి, అది పిల్లాడి నష్టం కాకూడదు. రెండో వారమో మూడో వారమో ఒక్కసారిగా అల్లరి పెరగవచ్చు. పాత అల్లరికి వచ్చే నవ్వులు తగ్గుతున్నాయి కాబట్టి ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తాడు. అప్పుడే అందరూ "ఇదేం పనిచెయ్యలేదండి" అని వదిలేస్తారు. ఇంకో పది రోజులు ఓపిక పట్టమని మాస్టారికి ముందే చెప్పి ఉంచండి.

బడి వైపు నుంచి ఖర్చు లేని సాయాలు కొన్ని అడగవచ్చు. వెనక బెంచీ నుంచి రెండో బెంచీలో గోడ పక్కకి మార్చడం. నోటుబుక్కులు పంచే పని, సుద్దముక్కలు తెచ్చే పని ఇవ్వడం. చూపు కావాలనుకునే పిల్లాడికి ఇది సక్రమంగా దొరికే చూపు. తప్పు చేసినప్పుడు దూరం నుంచి అరవకుండా బల్ల దగ్గరికి వచ్చి మెల్లగా ఒక్క మాట చెప్పి వెళ్లిపోవడం. అందరి ముందూ నిలదీస్తే వాడు నవ్వించి గెలుస్తాడు. భోజనాల దగ్గర తోపులాటకి ఇంకో ఉపాయం: వడ్డనలో గుడ్లు, చిక్కీ పంచే సాయం వాడికి అప్పగించడం. ఆకలన్నవాళ్లకి అన్నం పెట్టి పేరు తెచ్చుకున్న డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టిన భోజనం అది. ఆవిడ మీ దగ్గరి లంకల గన్నవరం ఆవిడే, ఈ మాట పిల్లాడికి ఆ పనితో కలిపి చెబితే బాగుంటుంది. లైనులో నిలబడి విసిగేవాడు వడ్డించే వైపు నిలబడితే తోసుకునే అవసరమే ఉండదు.

మాస్టారే కొడుతున్నా, "అమ్మ వదిలేసి పోయింది" లాంటి మాటలు అంటున్నా అది వేరే సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధం. ముందు హెడ్‌మాస్టారికి రాతపూర్వకంగా ఇవ్వండి. తర్వాత స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ. అదే చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. కాబట్టి మీ వీధిలోనే ఒకావిడ ఉండి ఉండవచ్చు. అక్కడా తేలకపోతే ఎం.ఈ.ఓ., అంటే మండల విద్యాధికారి.

ఇంకొకటి అడక్క తప్పదు. జూలై నుంచి ఉన్నట్టుండి మారాడన్నారు. మీరు వెళ్లిన బెంగతో మారే పిల్లలు ఎక్కువమందే. కానీ రాత్రుళ్లు ఉలిక్కిపడటం, పక్క తడపటం, ఫలానా మనిషి ఇంటికి వస్తే లోపలికి పోవడం, చచ్చిపోతానన్న మాట రావడం వంటివి ఉంటే చీటీల పని కాదది. ఎవరైనా పిల్లాడికి హాని చేస్తున్నారేమో నెమ్మదిగా అడిగించండి. పిల్లల సాయానికి 1098, మనసు సంబంధమైన సలహాకి టెలీ మానస్ 14416. రెండూ ఊళ్లోంచి అమ్మమ్మగారైనా చెయ్యవచ్చు. డాక్టరుకి చూపించాలంటే కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

మీరు సెలవు మీద వచ్చే తేదీ, తిరిగి వెళ్లే తేదీ మాస్టారికి ముందే చెప్పండి. మీరు వెళ్లాక మూడు నాలుగు వారాలు చీటీ లక్ష్యం ఒకటి తగ్గించి పెట్టాలి. గోదావరి వరదలకి బడి మూతపడి తెరిచినప్పుడు కూడా అంతే.

లక్ష్యం ఆరు మీద మూడు వారాలు నిలబడ్డాక రోజు చీటీ మానేసి బుధవారం, శుక్రవారం మాత్రమే ఉంచండి, ఆ తర్వాత శుక్రవారం ఒక్కటే. మొత్తం మీద మూడు నెలల పని. ఒక్కసారిగా ఆపేస్తే పాత దారిలోకి పోతాడు. ఇప్పుడు మొదలుపెడితే మధ్యలో సంక్రాంతి వస్తుంది. ఆ సెలవుల్లో చీటీలు వద్దు. కోడిపందేల బరుల దగ్గరికి ఎవరితో పడితే వాళ్లతో పోకుండా, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మావయ్యే తీసుకెళ్లేటట్టు ముందే మాట తీసుకోండి. కొట్టిన చెయ్యి పట్టుకుని తీర్థం తిరగడం వాళ్లిద్దరికీ అవసరమే. బడి తెరిచిన రోజు పొద్దున్న మాస్టారి దగ్గర కొత్త చీటీల కట్ట ఉండాలి, లక్ష్యం మళ్లీ నాలుగు దగ్గర మొదలవ్వాలి.